సొంతంగా రాసుకున్న చిన్న డెస్క్‌టాప్ అప్లికేషన్‌కు వెర్షన్ సమాచారం ఎలా చేర్చాలి?

ప్రశ్న

నమస్కారం. నేను వృత్తిరీత్యా ప్రోగ్రామర్‌ను కాను. ఫోటోలకు అవి తీసిన తేదీ, సమయాలను బట్టి పేర్లు మార్చి, ఏడాదికొక ఫోల్డరు చొప్పున సర్దిపెట్టే చిన్న అప్లికేషన్ ఒకటి పైథాన్‌లో, విండోలు, బటన్లు చూపించే టీకేఇంటర్ లైబ్రరీతో రాసుకున్నాను. మొదట నా వరకే అనుకున్నాను గాని, చూసినవారు అడగడంతో, పైథాన్ స్క్రిప్టును నేరుగా నడిచే ప్రోగ్రాముగా మార్చే పైఇన్‌స్టాలర్ సాయంతో ఒకే ఈఎక్స్‌ఈ ఫైలుగా తయారుచేసి పంచుతూ వచ్చాను. ఇప్పుడు దాన్ని సుమారు పదిమంది విండోస్ 10, 11లలో వాడుతున్నారు.

ఇటీవల వారిలో ఒకరు, ఒకే సెకనులో తీసిన రెండు ఫోటోలుంటే రెండోది మొదటిదాని మీద కూర్చుని దాన్ని చెరిపేస్తోందని చెప్పారు. ఆ లోపాన్ని ఎప్పుడో సరిచేశానని నాకు గుర్తు. అయినా ఫోటోలు పోతున్నాయంటే భయం వేసి, ఒక సాయంత్రమంతా కోడ్ ముందు కూర్చున్నాను. ఎంత ప్రయత్నించినా ఆ లోపం నా దగ్గర కనబడలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆయన నడుపుతున్నది పాత ప్రతి. ఆయన ఫైలుకూ నా ఫైలుకూ పేరు ఒకటే, పరిమాణమూ దాదాపు ఒకటే కావడంతో తేడా తెలిసే దారే లేకపోయింది.

కాబట్టి ఇకనైనా వెర్షన్ సంఖ్య పెట్టాలనుకుంటున్నాను. ఇతర ప్రోగ్రాముల ఈఎక్స్‌ఈ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిస్తే వెర్షన్, కాపీరైటు వగైరా కనబడతాయి. నాదానిలో ఆ గడులన్నీ ఖాళీ. వాటిని నింపేదెలా? సంఖ్యను 1.0 అనాలా, 1.0.0 అనాలా, తేదీ పెట్టుకోవాలా? అన్నిటికీ మించి, టైటిల్ బార్‌లోను, అబౌట్ విండోలోను, ఈఎక్స్‌ఈలోను వేర్వేరుగా సంఖ్య మార్చవలసి వస్తే నేను తప్పకుండా ఏదో ఒకటి మరచిపోతాను. దానికేమైనా ఉపాయం ఉందా?

మొదటి సమాధానం

మీరు చివర అడిగినదే అసలు ప్రశ్న కనుక దానితోనే మొదలుపెడతాను. వెర్షన్ సంఖ్యను చేత్తో రాసే చోటు మొత్తం ప్రాజెక్టులో ఒక్కటే ఉండాలి. మిగతా చోట్లన్నీ దాన్ని చదువుకోవాలి. మీ స్క్రిప్టు పక్కన వెర్షన్.పీవై అని ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో ఒకే ఒక వరుసలో 1.4.0 వంటి సంఖ్యను కొటేషన్ల మధ్య ఒక వేరియబుల్‌కు ఇవ్వండి. ప్రధాన స్క్రిప్టు దాన్ని ఇంపోర్టు చేసుకుంటుంది.

అప్లికేషన్ లోపల ఆ సంఖ్య మూడు చోట్ల కనబడితే చాలు. టైటిల్ బార్ వీటిలో ముఖ్యమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే వాడేవారు ఇబ్బంది వచ్చినప్పుడు మెనూలు తెరిచి సంఖ్య వెతకరు, స్క్రీన్‌షాట్ పంపుతారు. టైటిల్ బార్‌లో వెర్షన్ ఉంటే, అడగకుండానే అది ఆ బొమ్మలో వచ్చేస్తుంది. అబౌట్ విండోలో ఎలాగూ ఉంటుంది. మూడోది లాగ్ ఫైలు, అంటే ప్రోగ్రాము తాను చేసిన పనులను రాసిపెట్టే ఫైలు: ప్రోగ్రాము మొదలైనప్పుడల్లా మొదటి వరుసలో మీ వెర్షన్, పైథాన్ వెర్షన్, విండోస్ వెర్షన్ రాయించండి.

ఇక డీటెయిల్స్ ట్యాబ్ సంగతి. అక్కడ కనబడేదంతా ఈఎక్స్‌ఈ ఫైలు లోపల వెర్షన్‌ఇన్ఫో అనే రిసోర్సులో, అంటే కోడ్‌తో పాటు పొదిగిన సమాచార భాగంలో ఉంటుంది. పైఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తాను చేర్చదు. ఒక టెక్స్ట్ ఫైలు తయారుచేసి --వెర్షన్-ఫైల్ అనే ఆప్షన్‌తో ఇవ్వాలి. ఆ ఫైలు మొదటిసారి చూసినవారికి కొంచెం భయంగానే ఉంటుంది, కాని మొదటినుంచి రాయనక్కరలేదు. పైఇన్‌స్టాలర్‌తో పాటే వచ్చే పీవైఐ-గ్రాబ్_వెర్షన్ అనే చిన్న సాధనానికి, వెర్షన్ సమాచారం ఉన్న ఏ ఈఎక్స్‌ఈనైనా చూపిస్తే, అందులోని వివరాలను తీసి సరిగ్గా ఈ రూపంలో టెక్స్ట్ ఫైలుగా రాసి పెడుతుంది. దాన్ని నమూనాగా తీసుకుని మార్చుకోవచ్చు. అయితే వరుసలన్నీ మార్చండి. నోట్‌ప్యాడ్ నుంచి నమూనా తీసి కంపెనీ పేరు గడిని అలాగే వదిలేస్తే, మీ ఫోటోల ప్రోగ్రాము తాను మైక్రోసాఫ్ట్ తయారీనని చెప్పుకుంటూ తిరుగుతుంది.

ఆ ఫైలులో రెండు భాగాలున్నాయి. పైభాగంలో ఫైల్ వెర్షన్, ప్రొడక్ట్ వెర్షన్ అనేవి నాలుగేసి సంఖ్యలుగా బ్రాకెట్లలో ఉంటాయి, మీ 1.4.0 ఇక్కడ 1, 4, 0, 0 అవుతుంది, ఎందుకంటే విండోస్ ఇక్కడ నాలుగు సంఖ్యలూ ఉండాలంటుంది. కింది భాగంలో అవే వివరాలు మాటలుగా ఉంటాయి: వివరణ, ఫైల్ వెర్షన్, కాపీరైటు, అసలు ఫైలు పేరు, ప్రొడక్టు పేరు మొదలైనవి. వీటిలో ఫైల్ డిస్క్రిప్షన్ అనే గడిని చాలామంది తేలికగా తీసుకుంటారు గాని, టాస్క్ మేనేజర్‌లో మీ ప్రోగ్రాము పేరుగా కనబడేది అదే. కాబట్టి అక్కడ మూడు వాక్యాల వర్ణన రాయకండి, ప్రోగ్రాము పేరును పోలిన నాలుగు మాటలు చాలు.

ఈ టెక్స్ట్ ఫైలును కూడా చేత్తో మారిస్తే మొదట చెప్పిన నియమం తప్పినట్టే. బిల్డు, అంటే ఈఎక్స్‌ఈ తయారీ, ఎలా జరగాలో పైఇన్‌స్టాలర్‌కు చెప్పే స్పెక్ ఫైలు నిజానికి పైథాన్ కోడే. అందులో మొదటి వరుసల్లోనే వెర్షన్.పీవై నుంచి సంఖ్యను చదివి, చుక్కల దగ్గర విడగొట్టి, నాలుగు సంఖ్యలకు సరిపోయేలా చివర సున్నా చేర్చి, టెక్స్ట్ ఫైలును అక్కడికక్కడే రాయించండి. తరువాత అదే స్పెక్‌లోని ఈఎక్స్‌ఈ విభాగంలో వెర్షన్ అనే పారామీటరుకు ఆ ఫైలు పేరు ఇవ్వండి. అప్పుడు బిల్డు చేసిన ప్రతిసారీ అన్నీ ఒకే సంఖ్యతో బయటికి వస్తాయి. నేను మొత్తం ఇరవై వరుసల లోపే ఈ పని ముగించాను.

రెండో సమాధానం

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. సంఖ్య ఎలా ఉండాలన్న సంగతి మాత్రం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను కనుక రాస్తున్నాను.

ఒకప్పుడు నేను తేదీనే వెర్షన్‌గా పెట్టుకునేవాణ్ణి. 1, 0, 0 తరువాత నాలుగో సంఖ్యగా 20230817 అని రాసి బిల్డు చేశాను. బిల్డు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. తీరా డీటెయిల్స్ ట్యాబ్ తెరిస్తే 1.0.0.45729 అని కనబడింది. ఆ 45729 ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాక చాలాసేపు కోడ్‌లో వెతికాను. ఆ నాలుగు సంఖ్యలలో ఒక్కొక్కదానికి విండోస్ కేటాయించే చోటు 16 బిట్లే, అంటే అత్యధికంగా 65535. నేనిచ్చిన సంఖ్య అందులో పట్టక, 65536తో భాగించగా మిగిలిన శేషం మాత్రమే అక్కడ నిలిచింది. తేదీ కావాలంటే 2023, 8, 17, 0 అని విడగొట్టి రాయాలి. అప్పుడు ఏ చిక్కూ లేదు.

తేదీ వెర్షన్లు తప్పేమీ కాదు. ఉబుంటు విడుదలలు 20.04, 22.04 అని ఏడాది, నెలలతోనే నడుస్తున్నాయి. కాని మీ విషయంలో నేను 1.4.0 పద్ధతినే సూచిస్తాను, ఎందుకంటే పదిమందికి పంచే ప్రోగ్రాములో వాడేవారికి తెలియవలసింది అది ఎప్పుడు తయారైందన్నది కాదు, అందులో ఏమి మారిందన్నది. సెమాంటిక్ వెర్షనింగ్ అనే పద్ధతి ప్రోగ్రామర్ల లైబ్రరీలను దృష్టిలో పెట్టుకుని రాసినది కనుక దాన్ని అక్షరాలా పాటించనక్కరలేదు. మీవంటి అప్లికేషన్‌కు ఇలా అన్వయించుకోవచ్చు: లోపం సరిచేస్తే చివరి సంఖ్య పెరుగుతుంది, కొత్త సదుపాయం చేరిస్తే మధ్య సంఖ్య పెరిగి చివరిది మళ్లీ సున్నా అవుతుంది, పాత సెట్టింగులు గాని ఫైళ్లు గాని ఇక పనిచేయవన్న స్థాయి మార్పు వస్తేనే మొదటి సంఖ్య పెరుగుతుంది. సంఖ్యల విషయంలో అందరూ ఒక్కలా ఆలోచించరు లెండి. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్, పుస్తకాల అచ్చుకూర్పు కోసం రాసిన తన టెక్ ప్రోగ్రాముకు 3.14, 3.141, 3.1415 అంటూ ఒక్కో అంకె చేరుస్తూ గణితంలోని పై (π) విలువకు దగ్గరగా తీసుకుపోతున్నారు. మనకు అంత ఓపిక ఉండదు.

ఇంకొక జాగ్రత్త. ఎప్పుడో ఒకనాడు మీ ప్రోగ్రాము కొత్త వెర్షన్ వచ్చిందా అని తానే చూసుకునేలా చేస్తారు. అప్పుడు వెర్షన్లను అక్షరాల వరుసలుగా పోల్చకండి. అలా పోలిస్తే 1.10.0 కంటే 1.9.0 పెద్దదని తేలుతుంది, ఎందుకంటే మూడో స్థానంలో 1కీ 9కీ మధ్య పోటీ జరిగి 9 గెలుస్తుంది. చుక్కల దగ్గర విడగొట్టి సంఖ్యలుగా మార్చి ట్యూపుల్స్‌గా, అంటే పైథాన్‌లోని విలువల వరుసలుగా పోలిస్తే సరైన జవాబు వస్తుంది. పదో వెర్షన్ వచ్చేదాకా ఈ తప్పు బయటపడదు, అప్పటికి ఆ కోడ్ రాసిన సంగతి కూడా మరచిపోయి ఉంటాం.

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్‌ను మీరు వాడుతుంటే, ప్రతి విడుదలకూ ఒక ట్యాగు (పేరు గుర్తు) వేసి, గిట్ డిస్క్రైబ్ ఇచ్చే సమాచారాన్ని బిల్డు సమయంలో వెర్షన్‌తో పాటు అబౌట్ విండోలో చేర్చుకోవచ్చు. ట్యాగు తరువాత ఎన్ని కమిట్లు (చరిత్రలో నమోదు చేసిన మార్పులు) జరిగాయో అది చెబుతుంది. డర్టీ ఆప్షన్ ఇస్తే, కమిట్ చేయని మార్పులతో బిల్డు చేసినప్పుడు ఆ మాటనూ చివర తగిలిస్తుంది. అయితే గిట్‌ను బిల్డు వేళ మాత్రమే పిలవండి. ప్రోగ్రాము నడిచేటప్పుడు పిలిస్తే మీ కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది, గిట్ లేని వారి దగ్గర ఆగిపోతుంది.

మూడో సమాధానం

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. మీ అప్లికేషన్ ఏదైనా దాచుకుంటుందా? పేర్లు మార్చే ప్రోగ్రాము కనుక, చేసిన మార్పును వెనక్కి తీసుకోవడానికి పాత పేర్ల చరిత్రను ఎక్కడో ఒకచోట రాసిపెడుతుందనుకుంటున్నాను. అలాగైతే ఆ సమాచారపు రూపానికి వేరే వెర్షన్ సంఖ్య ఉండాలి. ప్రోగ్రాము వెర్షన్‌నే దానికీ వాడకండి, ఎందుకంటే ప్రోగ్రాము పదిసార్లు మారినా ఆ రూపం మారకపోవచ్చు.

సమాచారమంతా ఒకే ఫైలులో దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడుతున్నట్లయితే దీనికి సిద్ధంగా ఒక చోటు ఉంది. ప్రాగ్మా యూజర్_వెర్షన్ అనే ఆదేశంతో డేటాబేస్ ఫైలు శీర్షంలోనే ఒక పూర్ణ సంఖ్యను రాయవచ్చు, చదవవచ్చు. ఎస్‌క్యూలైట్ తాను దాన్ని ముట్టుకోదు. ఏమీ రాయకపోతే అది సున్నా. ప్రోగ్రాము మొదలవగానే ఆ సంఖ్యను చదివి, తనకు తెలిసిన దానికంటే చిన్నదైతే టేబుళ్లను కొత్త రూపానికి మార్చి సంఖ్య పెంచాలి. పెద్దదైతే, అంటే కొత్త ప్రోగ్రాము రాసిన ఫైలును పాత ప్రోగ్రాము తెరుస్తోందని అర్థం కనుక, దేన్నీ ముట్టుకోకుండా ఆ సంగతి చెప్పి ఆగిపోవాలి. పదిమంది దగ్గర పాత, కొత్త ప్రతులు కలిసి తిరుగుతున్న మీ పరిస్థితిలో ఈ రెండోదే ఎక్కువగా ఎదురవుతుంది. చరిత్ర పాడైతే, పేర్లు మారిన ఫోటోలకు పాత పేర్లు తిరిగి రావు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. చరిత్ర ఎస్‌క్యూలైట్‌లోనే ఉంది, అందులో యూజర్_వెర్షన్ సున్నాగానే ఉంది. ఇప్పుడు 1 చేశాను.

వెర్షన్.పీవై పద్ధతి బాగా కుదిరింది. మధ్యలో ఒకసారి, అలవాటు ప్రకారం స్పెక్ ఫైలు పేరు ఇస్తూనే --వెర్షన్-ఫైల్ కూడా ఇస్తే పైఇన్‌స్టాలర్ ఒప్పుకోలేదు. స్పెక్ లోపల రాసిన తరువాత బిల్డు అయింది. అయితే రెండు సందేహాలు మిగిలాయి.

విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో గెట్-ఐటెమ్‌తో ఈఎక్స్‌ఈని తీసుకుని వెర్షన్‌ఇన్ఫో చూస్తే ఫైల్‌వెర్షన్ 1.4.0 అని ఉంది, ఫైల్‌వెర్షన్‌రా మాత్రం 10.0 తో మొదలయ్యే పెద్ద సంఖ్య చూపిస్తోంది. ఇదెక్కడిది? రెండోది, వివరణ గడిలో తెలుగులో రాస్తే సరిగానే కనబడింది గాని, ఫైలులో భాష గుర్తుగా 1033 అని ఉంది. అది ఇంగ్లిష్‌దని తెలిసింది. మార్చాలా?

ఇంకొక చిన్న సంగతి: ఇప్పటికే పంచిన పాత ఈఎక్స్‌ఈలకు తయారైన ఫైలులోని రిసోర్సులను మార్చే రిసోర్స్ ఎడిటర్ ఏదైనా తీసుకుని వెర్షన్ ముద్ర వేసి తిరిగి పంపవచ్చునా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఫైల్‌వెర్షన్ అనేది నేను చెప్పిన కింది భాగంలోని మాటల నుంచి, ఫైల్‌వెర్షన్‌రా అనేది పైభాగంలోని నాలుగు సంఖ్యల నుంచి వస్తాయి. మీరు నమూనాను విండోస్‌తో వచ్చిన ప్రోగ్రాము నుంచి తీసి ఉంటారు. మాటలను మీ స్క్రిప్టు మారుస్తోంది, సంఖ్యలు మాత్రం విండోస్‌వే మిగిలిపోయాయి. స్పెక్‌లో ఫైల్ వెర్షన్, ప్రొడక్ట్ వెర్షన్ అనే రెండు బ్రాకెట్లనూ వెర్షన్.పీవై నుంచే నింపండి. ఇన్‌స్టాలర్లు పాతదేదో కొత్తదేదో తేల్చుకునేటప్పుడు చూసేది సాధారణంగా ఆ సంఖ్యలనే కనుక ఇది అలంకారం కోసం కాదు.

భాష గుర్తును మార్చనక్కరలేదు. దాని పక్కనున్న 1200 యూనికోడ్‌ను సూచిస్తుంది, తెలుగు అక్షరాలు నిలవడానికి అదే చాలు. టెక్స్ట్ ఫైలును మాత్రం యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. అయినా మార్చాలనుకుంటే తెలుగు సంఖ్య 1098. అప్పుడు ఒక్కచోట మార్చి ఊరుకోకూడదు: మాటల పట్టికకు పైన ఎనిమిది అంకెల, అక్షరాల పేరు ఒకటి 0409 తో మొదలవుతుంది చూడండి, ఆ 0409 అనేది 1033కే హెక్సాడెసిమల్ రూపం. దాన్ని 1098 హెక్సాడెసిమల్ రూపమైన 044ఏ చేయాలి. చదివే ప్రోగ్రాములు భాష గుర్తును చూసి ఆ పేరుతో పట్టికను వెతుకుతాయి, రెండూ వేర్వేరుగా ఉంటే పట్టిక దొరకక గడులు ఖాళీగా చూపించవచ్చు.

పాత ఈఎక్స్‌ఈల జోలికి వెళ్లకండి. పైఇన్‌స్టాలర్ ఒకే ఫైలుగా తయారుచేసినప్పుడు మీ కోడ్, పైథాన్ అన్నీ కలిసిన మూటను ఈఎక్స్‌ఈ చివర అతికిస్తుంది. రిసోర్స్ ఎడిటర్లు ఫైలును తిరిగి రాసేటప్పుడు ఆ చివరి భాగాన్ని వదిలేయవచ్చు. అప్పుడు ఫైలు చూడటానికి బాగానే ఉంటుంది, తెరిస్తే నడవదు. పాత ప్రతిని గుర్తించడమే మీ అవసరమైతే, పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఇచ్చే ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర వంటిది, చాలు. మీరు ఇదివరకు పంచిన ఫైళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి విలువలను రాసిపెట్టుకుని, ఫిర్యాదు చేసినవారి ఫైలు విలువతో పోల్చండి. పాత కోడ్‌ను మళ్లీ బిల్డు చేసి పోలిస్తే కుదరదు, మామూలుగా చేసిన ప్రతి బిల్డుకూ విలువ మారుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

సంఖ్యల బ్రాకెట్లు సరిచేశాను, ఇప్పుడు పవర్‌షెల్‌లో 1.4.0, 1.4.0.0 అని రెండూ కలిశాయి. భాష గుర్తును 1033గానే వదిలేశాను. పంచుకున్న ఫోల్డరులో పాత జిప్ ఫైళ్లు నాలుగు మిగిలి ఉన్నాయి; ఫోటో పోయిందన్న ఆయన చేత హ్యాష్ తీయించి పోలిస్తే, నేను మొట్టమొదట పంచిన జిప్‌లోని ఈఎక్స్‌ఈతో సరిగ్గా కలిసింది. మరో ఇద్దరి దగ్గరా అదే ప్రతి ఉంది. ముగ్గురికీ 1.4.0 పంపించాను.